మొక్కల హాజరు

మా పిన్ని క్లాసులో హాజరు రెండుసార్లు పిలుస్తారు. మొదట పిల్లలకు, తరువాత మొక్కలకు.

బడి వెనక, సైన్సు గదికీ ప్రహరీ గోడకూ మధ్యనున్న నేలలో పన్నెండు మళ్ళున్నాయి. ఒక్కో మడి ముగ్గురేసి పిల్లల సంరక్షణలో ఉంటుంది. ఉదయం మొదటి పీరియడ్‌లో పిన్ని బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పొడుగాటి రూళ్ళ పుస్తకం తెరిచి పిలవడం మొదలుపెడుతుంది.

“ఒకటో మడి?”

“వచ్చింది టీచర్.”

“నాలుగో మడి?”

“వచ్చింది గానీ నీరసంగా ఉంది టీచర్. కింది ఆకులు పసుపు తిరిగాయి.”

“అయిదో మడి?”

“దానికేం టీచర్, మహారాణిలా ఉంది.”

ఏ తేదీన, ఏ మడి తరఫున, ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టుగా ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. పిల్లల మాటను దిద్దే హక్కు తనకు లేదని పిన్ని నమ్మకం. “మహారాణి” అంటే “మహారాణి” అనే రాస్తుంది. కొత్తగా క్లాసులోకి వచ్చిన ప్రతి బిడ్డకూ ఆమె చెప్పే తొలి పాఠం కూడా రెండే ముక్కలు: “దానికి ఆకలేస్తే నోరు తెరిచి అడగలేదు. నువ్వే కనిపెట్టాలి.” పద్దెనిమిదేళ్ళుగా చెబుతూ వచ్చిన ఆ రెండు ముక్కలే ఒకనాడు ఆమె ఉద్యోగం మీదికి తెచ్చాయి.

నేను న్యాయశాస్త్రం చదివిన అయిదేళ్ళూ, ఆ తరువాత కూడా, పిన్ని ఇంట్లోనే ఉన్నాను. కింద బాబాయి బైండింగ్ షాపు, పైన రెండు గదులు. ఒక గది వాళ్ళిద్దరిదీ, రెండోది నాదీ నా పుస్తకాలదీ. పొద్దున్నే మెట్ల మీదుగా జిగురు ఉడుకుతున్న వాసన పైకి వచ్చేది; దాని వెనకే బాబాయి కేక వచ్చేది. “అమ్మడూ, నీ క్రిమినల్ లా అట్ట ఊడిందిట, కిందికి తీసుకురా, మనం దానికి బెయిలిద్దాం.” ఆ ఇంట్లో నేను బరువని ఎవరూ అనలేదు. అనడం అటుంచి, పరీక్షల రోజుల్లో నేను చదువుకునే గదిలోకి రావాలంటే పిన్ని తలుపు తట్టేది. తన ఇంట్లో తాను తలుపు తట్టిన మనిషి గురించి రాస్తున్నాను గనుక ఇందులో నిష్పాక్షికత వెతకవద్దని పాఠకులకు ముందే మనవి.

నేను లాయరుగా పేరు నమోదు చేయించుకున్న నెలలోనే బడికి ఒక సర్క్యులర్ వచ్చింది. హైస్కూలు పిల్లలకు వ్యవసాయం బోధించే ప్రతి ఉపాధ్యాయుడికీ వ్యవసాయ విద్యలో పీజీ పట్టా ఉండాలి. ఇప్పటికే పనిచేస్తున్నవారు మూడేళ్ళలో సంపాదించుకోవాలి. గడువులోగా పట్టా చూపని బడిలో ఆ సబ్జెక్టునే ఎత్తివేస్తారు. పిన్నికి నలభై మూడేళ్ళు. చేతిలో ఉన్నది ఇరవై ఏళ్ళ నాటి డిగ్రీ. సబ్జెక్టు పోతే పన్నెండు మళ్ళ చోట సైకిల్ స్టాండు వేయించాలని హెడ్మాస్టరు గారు అప్పటికే టేపు పెట్టి కొలిపించారు కూడా. ఆయన దుర్మార్గుడేమీ కాదు. వరండా నిండా సైకిళ్ళు పడి ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?

నేను సర్క్యులర్ చదివి కుర్చీలోంచి లేచాను.

“వేసేద్దాం పిన్నీ.”

“ఏం వేసేది? ఎరువా?”

“పిటిషన్! ఉద్యోగంలో చేరేనాటికి లేని అర్హత ఇప్పుడెలా అడుగుతారు? మొదటి వాయిదాకే పడిపోతుంది ఈ సర్క్యులర్.”

“కేసు తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందే?”

“చెప్పలేం. రెండేళ్ళు కావచ్చు, ఆరేళ్ళు కావచ్చు.”

“చదువు?”

“రెండేళ్ళు.”

“నీకేమో ఉడికే దాకా గిన్నె మీద మూత కూడా నిలవదు. అలాంటిదానివి, తొందరగా అయ్యేది వదిలేసి ఆలస్యమయ్యేది చెయ్యమంటావేం?”

బాబాయి మెట్ల మీద నిలబడి నవ్వాడు. “లాయరమ్మ మొదటి కేసు ఇంట్లోనే ఓడిపోయింది.”

నాకు కోపం వచ్చింది. అన్యాయాన్ని చదువుకుని గెలవడమేమిటని వాదించాను. పిన్ని బట్టలు మడత పెడుతూ అంతా విని, చివరికి ఇలా అంది: “వాళ్ళు అడిగిన తీరు బాగాలేదు, నిజమే. కానీ అడిగిందాంట్లో తప్పు లేదే. నేను చదివినప్పుడు నేల గురించి చెప్పినవి ఇప్పుడు సగం మారిపోయాయి. పిల్లలకి పాత సరుకు అంటగడుతున్నానేమోనని నాకే ఎప్పట్నుంచో అనుమానం.”

మొదటి ఏడాది సీటు రాలేదు. రెండో ఏడాది వచ్చింది. అంటే గడువుకూ చదువుకూ మధ్య ఒక్క నెల కూడా మిగలలేదు. శని, ఆదివారాల్లో క్లాసులు. బస్సులో గంటన్నర ప్రయాణం. తోటి విద్యార్థులు మొదటి రోజు ఆమెను చూసి లేచి నిలబడ్డారట, పాఠం చెప్పడానికి వచ్చిందనుకుని. ఆమె వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేసరికి క్లాసంతా గొల్లుమంది. నెల తిరిగేసరికి “ఆంటీ” కాస్తా “అక్క” అయింది. స్టాటిస్టిక్స్ దగ్గర మాత్రం ఆమె బండి మొరాయించింది. పాతికేళ్ళ పిల్లలు క్యాంటీన్ బల్ల మీద శనగగింజలు పరిచి సగటు నుంచి ఏది ఎంత దూరంగా ఉందో చూపిస్తే తప్ప అర్థం కాలేదు. “పాఠం బుర్రకెక్కాక గింజలు తినేశాం, అందుకే మర్చిపోలేదు,” అనేది.

ఇంట్లో ఇప్పుడు నేను తలుపు తట్టవలసి వచ్చింది. వంట బాబాయిది. రుచి గురించి ఎవరైనా నోరెత్తితే ఒకటే జవాబు: “ఇరవై ఏళ్ళుగా ఊరందరి థీసిస్‌లూ బైండు చేశాను. అన్నీ బరువే, లోపలేముందో దేవుడికెరుక. సొంత ఇంటి థీసిస్ బైండు చేసే రోజొచ్చింది. నోరు మూసుకుని తినండి.”

పట్టా రావాలంటే ప్రతి ఒక్కరూ తమ బడిలో, తమ పిల్లలతోనే ఒక ప్రయోగమో పరిశీలనో చేసి థీసిస్ రాయాలి. పిన్ని పాలకూరను ఎంచుకుంది. బేసి అంకెల మళ్ళకు ఆకులు కుళ్ళబెట్టిన ఎరువు. సరి అంకెల మళ్ళకు ఏమీ లేదు. రెండింటి ఎదుగుదలనూ వారం వారం కొలిచి, చివరికి దిగుబడిని తూచి పోల్చాలి. “సరి మళ్ళకి ఎవరూ ఎరువు వెయ్యకండి,” అని పిల్లలకు చెప్పింది. ఎందుకో చెప్పలేదు. వారం తిరగకుండానే పిల్లలు వాటికి “పస్తు మళ్ళు” అని పేరు పెట్టారు.

హాజరు మాత్రం యథాప్రకారం సాగింది.

“ఎనిమిదో మడి?”

“వచ్చింది టీచర్. ఆకలిగా ఉందంటోంది.”

పిన్ని రాసుకునేది. మరునాడూ అదే మాట, ఆ మరునాడూ అదే. నాలుగు వారాల పాటు ఎనిమిదో మడి ఆకలి అంటూనే ఉంది, పిన్ని రాసుకుంటూనే ఉంది. అయిదో వారంలో “ఫర్వాలేదు టీచర్” అంది. ఆరో వారానికి “బాగుంది” అంది. ఏడో వారంలో ఆకులు కోసి తూచితే పస్తు మళ్ళకూ ఎరువు మళ్ళకూ తేడా లేదు. పిన్ని తక్కెడను అనుమానించి సైన్సు గదిలోని ఇంకో తక్కెడ తెచ్చింది. అదీ అదే చెప్పింది. అప్పుడు ఎనిమిదో మడిలో వేలు గుచ్చి చూసింది. రెండంగుళాల లోతున కాచి వడగట్టిన టీపొడీ, దంచిన గుడ్డు పెంకులూ తగిలాయి. ఆరు పస్తు మళ్ళలోనూ అదే కథ.

క్లాసులో అడిగితే అందరూ నేల చూపులు చూశారు. చివరికి, అందరికంటే పొడుగ్గా ఉంటుంది గనుక నిచ్చెన అని పిలిపించుకునే పిల్ల లేచి నిలబడింది.

“అది రోజూ ఆకలంటోంది టీచర్. మీరేమో రాసుకుంటున్నారు గానీ ఏం పెట్టట్లేదు. పరీక్షల హడావిడిలో మర్చిపోయారనుకున్నాం.”

“మరి నాకు చెప్పొచ్చుగా?”

“మీరసలే అలిసిపోయి వస్తున్నారు. విసిగించడం ఎందుకని మేమే చూసుకున్నాం.”

“ఎరువు వెయ్యొద్దని చెప్పానా లేదా?”

“ఎరువు వెయ్యొద్దన్నారు టీచర్. టీపొడి వెయ్యొద్దనలేదు.”

ఈ వాదన విన్నాక ఆ పిల్లను నా జూనియర్‌గా చేర్చుకోవాలనిపించింది. కానీ ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. పిన్ని చెప్పులైనా విప్పకుండా మెట్ల మీద కూర్చుంది. థీసిస్ ఇవ్వాల్సిన గడువుకు ఇంకా పదకొండు వారాలే ఉన్నాయి. కొత్త విత్తనాలు వేసి, పెంచి, కోసి, తూచి, లెక్కగట్టి, రాసి, దిద్దించుకోవాలంటే పదకొండు వారాలు చాలవు.

నేను ఒక ఉపాయం చెప్పాను. సిగ్గుతోనే రాస్తున్నాను. “మొదటి నాలుగు వారాల కొలతలు శుభ్రంగానే ఉన్నాయి కదా పిన్నీ. అక్కడితో ఆపేయి. తర్వాత జరిగింది రాయకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు.”

పిన్ని నా మొహంలోకి చూసింది. “కోర్టులో ఎవరైనా సగం కాగితాలు దాచిపెడితే నువ్వు ఊరుకుంటావా?”

“కోర్టు వేరు.”

“పిల్లలకి తెలుసే ఏం జరిగిందో. ముప్పై ఆరు మందికి తెలుసు. నేను అబద్ధపు కాగితంతో పట్టా తెచ్చుకుని మళ్ళీ ఆ బకెట్ మీద కూర్చుని హాజరెలా పిలవను?”

నా ఉపాయాన్ని అక్కడితో వదిలేశాను.

శనివారం నేను కూడా ఆమె వెంట వెళ్ళాను. ఆమె గైడును విద్యార్థులు స్కేలు మేడమ్ అంటారు, థీసిస్ పేజీల మార్జిన్లను స్కేలుతో కొలుస్తారు గనుక. కిటికీ నిండా విత్తనాల సీసాలున్న చిన్న గది. నేను ముందుకు వెళ్ళి మా పిన్ని తరఫున మాట్లాడబోయాను.

“మీరెవరు?”

“లాయర్ని మేడమ్.”

“ఇక్కడ కేసేం లేదమ్మా. కూర్చోండి.”

కూర్చున్నాను. పిన్ని జరిగినదంతా, టీపొడితో సహా, చెప్పింది. స్కేలు మేడమ్ చాలాసేపు కొలతల కాగితాలు తిరగేశారు.

“పస్తు ఎందుకు పెడుతున్నారో పిల్లలకి ముందే చెప్పారా?”

“లేదు మేడమ్.”

“అయితే తప్పు మీది. వాళ్ళది కాదు.”

“అవును మేడమ్.”

“నిజం చెప్పినందుకు సంతోషం. కానీ నా సంతోషానికి డిగ్రీ ఇవ్వరు. ఈ అంకెలు పనికిరావు.” ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఒక సంగతి చెప్పండి. ఆకలిగా ఉందని వాళ్ళు ఎక్కడ చెప్పారు?”

పిన్ని హాజరు పుస్తకం చూపించింది. మేడమ్ నిలబడి చదవడం మొదలుపెట్టి, కాసేపటికి కూర్చుని చదివారు. ఒకచోట ఆవిడ పెదవి కదిలింది, మహారాణి కాబోలు.

“ఎన్నేళ్ళుగా పిలుస్తున్నారు ఇలా?”

“చేరినప్పట్నుంచీ. పద్దెనిమిదేళ్ళు.”

“ఆ పుస్తకాలన్నీ ఉన్నాయా? ఉంటే మీ థీసిస్ వాటిలోనే ఉంది.”

పిన్ని తల దించుకుంది. “ఏడాది చివర బడిలో చోటుండదు మేడమ్. చిత్తు కాగితాలుగా పనికొస్తాయని మా ఆయన షాపుకి ఇచ్చేసేదాన్ని.”

తిరుగు బస్సు దిగి నేరుగా షాపుకే వెళ్ళాం.

షాపులో బాబాయి ఒక పాత నిఘంటువుకు కొత్త వీపు అట్ట అతికిస్తున్నాడు. పిన్ని ఆశ లేని గొంతుతో అడిగింది: “ఏమండీ, నేనిచ్చిన హాజరు పుస్తకాలు, ఎన్నాళ్ళ క్రితమో… ఏమైనా మిగిలాయా?”

బాబాయి మూలనున్న దొంతి వైపు చేయి చూపించాడు. జిగురు ఆరేదాకా కొత్త పుస్తకాల మీద బరువుగా పెట్టే దొంతి అది. ఆ షాపులో అడుగు పెట్టిన ప్రతివారూ రోజూ చూసేదే. అయిదేళ్ళు నా టీ గ్లాసు పెట్టుకున్నదీ దాని మీదే. పద్దెనిమిది పుస్తకాలు, మిగిలిన క్యాలికో గుడ్డ ముక్కలతో అట్టలు కట్టి, వీపు మీద సంవత్సరం అంకె వేసి ఉన్నాయి.

“అట్టల లోపల అతికించడానికని ఇచ్చావు,” అన్నాడు బాబాయి. “మొదటిది చింపబోయి ఒక పేజీ చదివాను. ‘మూడో మడి: గైరుహాజరు. మేక వచ్చింది,’ అని ఉంది. నవ్వొచ్చింది. చింపబుద్ధి కాలేదు. తర్వాత ఏడాదిదీ అంతే. బరువుకి పనికొస్తాయిలే అని కుట్టేశాను.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“నువ్వడగలేదు.”

పిన్ని ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను. దొంతి పక్కన నేల మీద కూర్చుని, పైన ఉన్న పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

ఆ పదకొండు వారాలూ ఆ ఇల్లొక లెక్కల కచేరీ అయింది. ఇప్పుడు థీసిస్ పాలకూర గురించి కాదు, పిల్లల చూపు గురించి. ఏడాది మొదట్లో “బాగుంది టీచర్” అని తప్పించుకున్న పిల్ల, ఎన్ని వారాలకు “ఆకు ఈనెలకి మధ్య పసుపు, అంచులు మాత్రం ఆకుపచ్చ” అనగలుగుతోంది? తెగులు పెద్దల కంట పడకముందే ఎన్నిసార్లు పిల్లల నోట పడింది? బాబాయి అట్టలకు జిగురు రాస్తూనే పైకి చదివేవాడు. నేను గీతలు గీసి లెక్క పెట్టేదాన్ని. క్యాంటీన్ బల్ల మీద గింజలు పరిచిన కుర్రవాళ్ళు ఆదివారాలు వచ్చి ఆ లెక్కలను పట్టికల్లోకి ఎక్కించారు. చదువుతున్న బాబాయి మధ్యలో ఆగిపోయేవాడు. “ఇది వినండి. ‘ఏడో మడి: నిన్నటి వానకి తడిసి జలుబు చేసినట్టుంది.’ దీన్ని ఏ గడిలో వేస్తారు?”

“వేళ్ళు కుళ్ళుతున్నాయని చెబుతోంది ఆ పిల్ల,” అనేది పిన్ని తల ఎత్తకుండా. “సరిగ్గా చూసిన వాళ్ళ గడిలో వెయ్యండి.”

నేను కోర్టులో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. ఏ రోజు మాట ఆ రోజే, లాభం ఆశించకుండా, అన్నది అన్నట్టు రాసిన సాక్ష్యం ఎంత అరుదో నాకు తెలుసు. ఆమె దగ్గర అటువంటివి పద్దెనిమిది సంపుటాలున్నాయి.

చెడిపోయిన ప్రయోగాన్ని కూడా ఆమె ఒక అధ్యాయంగా పెట్టింది. తన తప్పు ఏమిటో మొదటి వాక్యంలోనే రాసింది. కృతజ్ఞతల పేజీ మాత్రం నాలుగు పేజీలైంది. బస్సు కండక్టరు, క్యాంటీన్ బల్ల, తక్కెడ అరువిచ్చిన సైన్సు టీచరు, అందరూ ఉన్నారు. స్కేలు మేడమ్ ఎర్ర సిరాతో ఒక పేజీకి కోసేశారు. కోతల్లో మిగిలిన చివరి వాక్యం ఇది: “ఒక మడి పస్తుండటాన్ని ఓర్చుకోలేకపోయిన ఎనిమిదో తరగతికి.”

మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒక ప్రశ్న అడిగారట: “ఈ ప్రయోగం మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు?”

“ఒక మడిని ఆకలితో ఎందుకు ఉంచుతున్నానో ముందు పిల్లలకి చెబుతాను సార్. వాళ్ళు ఒప్పుకుంటేనే ఉంచుతాను.”

“ఒప్పుకోకపోతే?”

“నేను చెప్పింది వాళ్ళకి అర్థం కాలేదన్నమాట. మళ్ళీ చెబుతాను.”

సర్క్యులర్ గడువుకు అయిదు రోజుల ముందు పట్టా ధ్రువపత్రం బడికి చేరింది. హెడ్మాస్టరు గారు దాన్ని రెండుసార్లు చదివి, సైకిల్ స్టాండు నక్షాను సొరుగులో పెట్టేశారు. “మిమ్మల్ని మేడమ్ అనాలా ఇప్పుడు?” అని అడిగారట. “సైకిళ్ళు వరండాలోంచి తీయించండి చాలు, గోడ పక్క చోటు నేను చూపిస్తాను,” అందట పిన్ని. బాబాయి థీసిస్ నాలుగు ప్రతులు బైండు చేశాడు. విశ్వవిద్యాలయానికి మూడు చాలు. నాలుగోది దొంతి మీద పంతొమ్మిదోది.

కొత్త పంట మొదలైన రోజున పిన్ని నన్ను బడికి పిలిచింది. “నీతో పనుందే. కాగితం, కలం తెచ్చుకో.”

వెళ్ళేసరికి బకెట్ చుట్టూ పిల్లలు. ఎరువు లేకుండా పెరిగితే ఏమవుతుందో తెలియకపోతే ఎరువు వల్ల ఏం జరిగిందో ఎలా చెబుతామని పిన్ని వాళ్ళకు అప్పటికే వివరించింది. వాళ్ళు గంటసేపు చర్చించుకుని, ఎనిమిదో మడి ఒక్కదానికి, షరతులతో, ఒప్పుకున్నారు. షరతులు రాసిపెట్టడానికి లాయరు కావాలన్నారు.

“నలభై రోజులు మాత్రమే,” అంది నిచ్చెన. ఆమె ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఎనిమిదో మడి తరఫున మాట్లాడటానికే ప్రత్యేకంగా వచ్చింది. “ఆ తర్వాత రెండింతలు పెట్టాలి. నీళ్ళు మాత్రం మొదట్నుంచీ అన్నిటితో సమానంగా పొయ్యాలి. టీపొడి, గుడ్డు పెంకులు, ఇంకా ఏమీ వెయ్యకూడదని కూడా రాయండి అక్కా. లేకపోతే వీళ్ళు ఏదో ఒకటి వేస్తారు.”

మూడేళ్ళ క్రితం పిన్ని వద్దన్నా పట్టుదలకు పోయి నేను రాసిన పిటిషన్ నకలు ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. పద్నాలుగు పేజీలు, ఎవరూ చదవలేదు. దాని చివరి కాగితం వెనక వైపు ఖాళీగా ఉంటే అక్కడే ఆ ఒప్పందం రాశాను. ముప్పై ఆరు మంది సంతకాలు చేశారు, పిన్నీ చేసింది. మడి తరఫున ఎవరు చేయాలన్న తగవు వచ్చినప్పుడు నిచ్చెన వంగి, బొటనవేలు తడిమట్టిలో ముంచి, కాగితం అడుగున గట్టిగా అద్దింది.

పిన్ని పుస్తకం తెరిచింది.

“ఒకటో మడి?”